తొట్టిలో రెండు సగాలు

మునకలత్తను రబ్బరు సూటులోంచి బయటికి లాగడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అయినా ముప్పై ఏళ్ళుగా ఆ పని ఒక్క మనిషే చేస్తున్నాడు. ఆయన ఆవిడ మొగుడు, వృత్తికి దర్జీ. మధ్యాహ్నం పడవ రేవుకు తగలగానే ఆవిడ తడిసూటుతోనే ఇంటికొచ్చి, వెనకగది గుమ్మంలో పీట మీద కూర్చుని రెండు చేతులూ పైకెత్తుతుంది. ఆయన గోడకు ఒక కాలు తన్నిపెట్టి సూటు మెడ పట్టుకుని లాగుతాడు. సూటు రానంటుంది. "లాగాల్సింది దాన్నయ్యా, నా తలకాయని కాదు" అంటుంది ఆవిడ. చివరికి అది చటుక్కున ఊడి వచ్చేసరికి ఆయన ఒక గోడకూ ఆవిడ ఇంకో గోడకూ పడతారు. కాపురంలో రోజుకొకసారి ఇలా విడిపోతాం కాబట్టే మిగతా సమయం కలిసి ఉండగలుగుతున్నాం అని దర్జీ అంటుంటాడు.

ఈ లాగుడు తప్పితే దర్జీకి సముద్రంతో సంబంధం లేదు. మోకాలు దాటిన నీళ్ళంటే ఆయనకు హడలు. సూట్లకు పడ్డ చిరుగులు కుట్టి, జిగురు పూసి అతుకులేస్తాడు. వంట చేస్తాడు. కిటికీ పక్కన మిషను వేసుకుని రేవు వైపు చూస్తూ జనం బట్టలు కుడతాడు. పడవ తిరిగి వచ్చేదాకా వేసిన కుట్లు వంకరగానూ, వచ్చాక వేసినవి తిన్నగానూ ఉంటాయని వీధిలో అందరికీ తెలుసు. అందుకే తెలివైనవాళ్ళు ఆయనకు బట్టలు సాయంత్రం పూట తెచ్చి ఇస్తారు.

మునకలత్త నేల మీద చూడ్డానికి పెద్ద ఘనంగా ఉండదు. పొట్టి, వెడల్పు. యాభై నాలుగేళ్ళు. నడిస్తే కుడిఎడమలకు ఊగుతుంది. రెండు మెట్లెక్కితే ఆయాసం, మూడో మెట్టు దగ్గర ఎవర్నో ఒకర్ని తిట్టడం. నీళ్ళలో దిగితే మాత్రం ఆ మనిషి ఈ మనిషి కాదు. మాస్కులో ఒకసారి ఉమ్మి, కడిగి, ముఖానికి తగిలించుకుని కాళ్ళు పైకెత్తిందంటే చప్పుడు లేకుండా కిందికి జారిపోతుంది. ఒక్క ఊపిరికి నిమిషన్నర. అంతసేపు నోరు మూసుకుని ఉండేది ఈ భూమ్మీద ఆవిడకు అక్కడొక్కచోటే. అది భూమి మీద కూడా కాదు.

రేవు నుంచి పడవలో అరగంట పోతే నీళ్ళ కింద పెద్ద రాతిదిబ్బ ఒకటుంది. దాన్నిండా నల్ల ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా పట్టి ఉంటాయి. ఏడుగురు ఆడవాళ్ళు గాలిసీసాలూ గొట్టాలూ ఏమీ లేకుండా, సొంత ఊపిరితో దిగి, ఇనపబద్దతో వాటిని పెకలించి వలసంచుల్లో పైకి తెస్తారు. రేవులో ఉన్న రేకుల షెడ్డులో ఇంకో పదిమంది వాటిని ఆవిరికి ఉడికించి ఒలుస్తారు. ఏడుగురిలో ముందు మునిగేది మునకలత్త. నీళ్ళు ఎలా ఉన్నాయో, ఇవాళ దిబ్బకు ఏ వైపు పని చేయాలో ఆవిడ పైకొచ్చి చెప్పాకే మిగతా ఆరుగురూ దిగాలి. ఆ ముందుమునక ఇరవై రెండేళ్ళుగా ఆవిడది. దానికి గుర్తు ఆవిడ పిక్కకు కట్టుకునే పాత కత్తి. దాని పిడికి నల్ల రబ్బరు చుట్టి ఉంటుంది.

అంతకు ముందు ఆ కత్తి ఆవిడ వదినది, అంటే దర్జీకి అక్కది. వదిన ఒకరోజు జలుబుతోనే మునిగింది. ఎడమచెవి లోపల ఏదో పగిలి, కక్కుకుంటూ పైకొచ్చింది. అప్పటినుంచి ఆవిడ ఒంటిచెవి వదిన. ఇక నీళ్ళు లేవు, షెడ్డే. ఆ రోజే, పడవలోనే, కత్తి విప్పి మరదలి ఒళ్ళోకి విసిరేసి "దిగవే" అంది.

ముప్పై రెండేళ్ళ మరదలు దిగింది. ఏం చూసిందో ఏం చేసిందో ఆవిడకే తెలియదు. పైకొచ్చేసరికి చేతిలో చిప్పలు లేవు, ఒక చుక్కచేప ఉంది. పడవలో అందరి కళ్ళూ ఆవిడ మీదే ఉన్నాయి. అప్పుడు ఆవిడ ఆ చుక్కను పడవ అంచు మీద పడేసి, కత్తితో సరిగ్గా నడిమికి నరికి, ఒక సగం కుడిపక్కకూ ఒక సగం ఎడమపక్కకూ విసిరి, "మన చిప్పలు తినేదానికి ఇదే గతి!" అని అరిచింది. పడవంతా ఈలలు, కేకలు.

మర్నాడు ఇంకొకామె నరికింది. ఆ మర్నాడు అందరూ. అలా అదొక పద్ధతయి కూర్చుంది. ఏ చుక్క పైకొచ్చినా నడిమికి కోయాలి, చెరో పక్కకు విసరాలి, ఆ మాట అరవాలి. కొత్తగా పనిలో చేరినామె ఎన్ని చిప్పలు తెచ్చినా సరే, ఒక చుక్కను కోసి అరిచేదాకా మునగడం వచ్చినట్టు కాదు.

ఈ చుక్క పిల్లల పుస్తకాల్లో నవ్వుతూ కూర్చునే అయిదు కాళ్ళ ముద్దుల నక్షత్రచేప కాదు. దీనికి ఏడు కాళ్ళుండొచ్చు, తొమ్మిదుండొచ్చు, పదకొండుండొచ్చు. రెండు కాళ్ళు ఒకే పొడవుండవు. ఒళ్ళంతా ముళ్ళు, రంగు తుప్పుకూ బూడిదకూ మధ్య. అది తిండి తినే తీరు ఇంకా చోద్యం. ఆల్చిప్పను అన్ని కాళ్ళతోనూ కావలించుకుని, తొందర లేకుండా లాగుతూ కూర్చుంటుంది. చిప్ప వెంట్రుకవాసి తెరుచుకుంటే చాలు, తన పొట్టను నోట్లోంచి బయటికి తీసి ఆ సందులోకి తోస్తుంది. ఇంట్లోవాణ్ణి వాడి ఇంట్లోనే అరిగించుకుని, పొట్ట మళ్ళీ లోపల పెట్టుకుని, పక్కింటికి పోతుంది.

ఇలాంటి పక్కిళ్ళు ఈ ఆరేడేళ్ళలో దిబ్బ మీద బాగా ఖాళీ అయ్యాయి. చిప్పలు తగ్గాయి, చుక్కలు పెరిగాయి. "అందుకే ఇంకా గట్టిగా కోయాలి" అంటుంది మునకలత్త. అందరూ ఇంకా గట్టిగానే కోస్తున్నారు.

ఆ ఏడు చేపల ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. నలుచదరంగా ఉన్న ఇనప చట్రం ఒకటి చంకన పెట్టుకుని తిరిగేది. నీళ్ళ కింద రాయి మీద ఆ చట్రం పెట్టి, అందులో ఎన్ని చిప్పలున్నాయో ఎన్ని చుక్కలున్నాయో పలక మీద రాసుకునేది. పేరేదో చెప్పింది గానీ అప్పటికే అందరూ చట్రం అమ్మాయి అనేశారు. నాలుగు రోజులు నోరు మెదపకుండా చూసి, అయిదో రోజు పడవలో మెల్లిగా అడిగింది.

"అత్తగారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు. నీ నోటికి నేనేమన్నా తాళం వేశానా?"

"ఇలా ఎన్నాళ్ళ నుంచి కోస్తున్నారు?"

"నువ్వు పాలసీసా పట్టుకుని పాకేటప్పటి నుంచి."

"సరిగ్గా నడిమికేనా?"

"చేతకాని వాళ్ళు పక్కకి కోస్తారు. మేం నడిమికే."

చట్రం అమ్మాయి గొంతు సవరించుకుంది. "ఈ జాతి చుక్క తనంతట తనే రెండుగా చీలిపోతుందండి. ఒక్కో సగానికి మళ్ళీ కాళ్ళు మొలుస్తాయి. నడిమి భాగం కాస్త మిగిలితే చాలు. అన్నీ బతుకుతాయని అనను. కానీ పది కోస్తే మీరు పదిని చంపినట్టు కాదు. ఇరవై నాటినట్టు."

పడవలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. వాళ్ళకది అలవాటే కాబట్టి చాలాసేపు తీసుకోలేదు.

"సగానికి కోస్తే రెండవుతాయా!" అంది మునకలత్త. "అయితే ఇవాళే పోయి మా ఆయన్ని కోస్తా. ఒకడు వంట చేస్తాడు, ఒకడు బట్టలు కుడతాడు."

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చట్రం అమ్మాయి కూడా నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. అదే మునకలత్తకు ఒళ్ళు మండించింది. లేచి నిలబడింది.

"మన సంఘం ఏడాది మీటింగుకి ఇంకా ఆరు వారాలుంది. ఇవాళ ఒకదాన్ని కోసి మా ఇంట్లో పెడతా. దానికి కాళ్ళు మొలిస్తే ఈ కత్తి అందరి ముందూ బల్ల మీద పెట్టేసి, షెడ్డులో కూర్చుని చిప్పలు ఒలుచుకుంటా. మళ్ళీ ఈ పడవ ఎక్కను."

"చస్తేనో?" అన్నాడు పడవ నడుపుతున్న సంఘం పెద్ద. తగువంటే ఆయనకు టీ కంటే ఎక్కువ ఇష్టం.

"చస్తే ఈ పిల్ల ఆ చట్రం మెళ్ళో వేసుకుని రేవంతా తిరగాలి."

"సరేనండి" అంది చట్రం అమ్మాయి, వెంటనే.

అంత వెంటనే అనేసరికి మునకలత్త ఆ పిల్ల ముఖంలోకి ఒకసారి చూసి, పిక్కకున్న కత్తి కట్టు బిగించుకుంది.

తీర్పరి ఎవరనేది పెద్ద చర్చ కాలేదు. మునకలత్త ఓడిపోతే చూడాలని ఎక్కువ కోరిక ఎవరికుంటుంది? ఒంటిచెవి వదినకే. అంతకన్నా నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

పదకొండు కాళ్ళ చుక్క ఒకటి అయిదుగా, ఆరుగా తెగి, దర్జీగారి స్నానాలగదిలో సిమెంటు తొట్టిలోకి కాపురానికొచ్చింది. రోజూ తెల్లారగానే దర్జీ రేవు మెట్ల మీద, పాదాలు మాత్రమే తడిసేలా నిలబడి, రెండు బకెట్ల ఉప్పునీళ్ళు ముంచుకొచ్చి మార్చాలి. "నీళ్ళు పాడై చచ్చాయన్న మాట రాకూడదు" అంది మునకలత్త. "నిజాయితీగా చావాలి." మొగుడూ పెళ్ళాం పెరట్లో చెంబులతో స్నానం చేయడం మొదలుపెట్టారు.

మొదటి వారం రెండు సగాలూ తొట్టి గోడలకు చెరో వైపు అతుక్కుని, అలిగిన తోడికోడళ్ళలా ఉన్నాయి. ఆదివారం ఒంటిచెవి వదిన వచ్చి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుంది.

"బాగానే ఉన్నట్టున్నాయే."

"చావు దగ్గరకొచ్చినప్పుడు కాస్త కళ వస్తుంది వదినా."

"ఆఁ?"

"ఆ చెవి కాదు, ఈ చెవి ఇటు తిప్పు! చస్తాయి అంటున్నా!"

"అరవకే. నాకు వినపడింది. రెండోసారి చెప్పించుకుంటే బాగుంటుందని."

రెండో వారానికి కోతలు మూసుకున్నాయి, బొడ్డు ముడిచినట్టు. మూడో వారానికి రెండూ తిండికి అటూ ఇటూ పాకడం మొదలుపెట్టాయి. దర్జీ వాటి మీద ఏ అభిప్రాయమూ చెప్పలేదు. కాకపోతే స్నానాలగదిలోకి వెళ్ళే ముందు తలుపు మీద వేలితో తట్టడం మునకలత్త గమనించింది.

నాలుగో వారంలో ఒక పొద్దున ఆవిడ ముఖం కడుక్కోడానికి వెళ్ళి తొట్టిలోకి వంగింది. ఒక సగానికి కోత అంచున బియ్యపుగింజంత మొటిమలు మూడు. రెండోదానికి నాలుగు. ఆవిడ వేలితో ఒకదాన్ని ముట్టుకుంది. అది మొటిమ కాదు. అది ముడుచుకుంది.

చేతిలో సబ్బు జారి ఎటో పోయింది. వెతకలేదు.

రోజుకు ఇన్ని, ఏడాదికి ఇన్ని అని లెక్క మొదలుపెట్టి, రెండో ఏడాది దగ్గరే ఆపేసింది. దిబ్బకు ఉత్తరం వైపు ఒకప్పుడు బద్ద దూర్చడానికి సందు ఉండేది కాదు, చిప్పల మీద చిప్పలు. ఇప్పుడు అక్కడ బోడిరాయి. దాని మీద తీరుబడిగా తుప్పురంగు కాళ్ళు. ఆవిడే అరిచి అరిచి నాటింది.

ఆ పొద్దున ఆవిడ పడవలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని సంఘం పెద్ద తన ఫ్లాస్కులో టీ కూడా పోసిచ్చాడు. తిరిగొస్తూ షెడ్డు వైపు చూసింది. రేకుల కప్పు, ఆవిరి, బెంచీల మీద వరసగా పది వీపులు. ఆ వీపుల్లో పదకొండోది తనది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పక్కనే నీళ్ళుండి, నీళ్ళలో లేకుండా. షెడ్డులో కూర్చోవడమంటే ఆవిడకు రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద జీవితాంతం నిలబడ్డట్టు.

ఇంటికొచ్చి సూటు ఊడగానే "రేపట్నుంచి నీళ్ళు మార్చకు" అంది.

"ఎందుకు?"

"నీకు నడుం నొప్పి కదా."

"ముప్పై ఏళ్ళ తర్వాత నా నడుం గుర్తొచ్చిందా!" అన్నాడు దర్జీ. సూటు తీసుకెళ్ళి తీగ మీద ఆరేశాడు.

మూడు రోజులు గడిచాయి. ఆ సగాలు చావలేదు సరికదా, నిగనిగలాడుతున్నాయి. బియ్యపుగింజలు కందిగింజలయ్యాయి. నాలుగో రోజు మునకలత్త కోడికన్నా ముందు లేచింది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. తలుపు తట్టకుండా తోసింది.

దర్జీ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. పక్కన రెండు ఖాళీ బకెట్లు. చేతిలో ఒక ఆల్చిప్ప.

"ఏం చేస్తున్నావయ్యా?"

"టిఫిను పెడుతున్నా."

"ఇక్కడ నీ పెళ్ళాం పరువు గంగలో కలుస్తుంటే నువ్వు దానికి టిఫిను పెడతావా!"

"ఇంట్లో ఏదీ ఆకలితో ఉండకూడదు" అన్నాడు, చిప్పను తొట్టిలోకి జారవిడుస్తూ. "అదొకటి."

"రెండోది?"

"ముప్పై ఏళ్ళుగా ఆ కిటికీ దగ్గర కూర్చుని వంకర కుట్లు వేస్తున్నా. పోయేలోపు ఒక్క ఏడాది పొద్దునపూట తిన్నగా కుట్టాలనుంది."

మునకలత్త నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు. పెళ్ళయ్యాక నేల మీద అలా జరగడం అదే మొదలు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఒక సగం, ఆరు కాళ్ళది, చిప్ప మీదికెక్కి దాన్ని కావలించుకుంటోంది. మొలకకాళ్ళు కూడా చిప్పను పట్టుకోబోతున్నాయి. అందడం లేదు.

"తెలివి చూడు, ఇంకా పూర్తిగా పుట్టలేదు, అప్పుడే తిండికి చేతులు చాస్తోంది" అంది చివరికి. "మీ అక్క పోలిక."

మీటింగు ముందురోజు ఒంటిచెవి వదిన ఆఖరి తనిఖీకి వచ్చింది. బకెట్టు బోర్లించింది, కూర్చుంది, కళ్ళజోడు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకుంది.

"చచ్చాయి" అంది.

"ఏంటి?"

"రెండూ చచ్చాయి. నేను చూశా. రేపు మీటింగులో అదే చెప్తా."

"వదినా, కదులుతున్నాయి."

"నాకు కనపడట్లేదు."

"నీకు పోయింది చెవి. కళ్ళు కాదు."

"చూడవే" అంది వదిన విసుగ్గా, "నువ్వొచ్చి నా బెంచీ మీద కూర్చుంటే నా గతేం కాను? రోజుకి ఎనిమిది గంటలు నీ నోరు! నాకు మిగిలింది ఒక్క చెవి." తర్వాత గొంతు తగ్గించింది. "షెడ్డులోకి నీళ్ళ చప్పుడు వినపడుతుందే. కుడిచెవికి. మొదటి ఏడాది నాకు పిచ్చెక్కింది. నీకెందుకది?"

మునకలత్త గడప మీద చతికిలబడింది. ఇరవై రెండేళ్ళలో వదిన నోటి నుంచి వచ్చిన మొదటి మంచిమాట, అదీ అబద్ధం చెప్తానని. పట్టుకుని వదలకూడదనిపించింది. సరే అని ఒక్క మాటంటే చాలు. రేపు ఈ మనిషి 'చచ్చాయి' అంటుంది, చట్రం అమ్మాయి మెళ్ళో చట్రం పడుతుంది, ఎల్లుండి పొద్దున్నే పిక్కకు కత్తి కట్టుకుని ముందు మునగొచ్చు. ఎల్లుండి పొద్దున్నే మళ్ళీ ఆ ఏడుగురూ కోస్తారు. కుడిపక్కకొకటి, ఎడమపక్కకొకటి.

"ఆ మొదటి రోజు నేను వీరావేశంతో కోయలేదు వదినా" అంది. "కాళ్ళు వణుకుతుంటే, ఎవరూ చూడకూడదని కోశా."

"తెలుసు. నువ్వు వణికితే పడవే ఊగింది."

"మరి ఈలలేసి అరిచారెందుకు?"

"అరవకపోతే ఏడ్చేటట్టున్నావని. నేనే అందరికీ కన్నుకొట్టా."

మునకలత్త ఆవిడ వైపు తేరిపార చూసింది. అంటే పద్ధతీ లేదు, పౌరుషమూ లేదు. ఒకత్తి భయం దాచుకుంది, ఆరుగురు చూడనట్టు నటించారు, దాని దెబ్బకు దిబ్బ సగం బోడిదైంది.

"నువ్వు చచ్చాయంటే వీళ్ళు ఎల్లుండి నుంచి మళ్ళీ కోస్తారు" అంది. "నోరు మూసుకో వదినా. అడిగినప్పుడు ఉన్నదే చెప్పు."

"ఆఁ?"

"వినపడిందని నాకు తెలుసు."

మీటింగు షెడ్డులోనే పెట్టారు. బెంచీలు వెనక్కి జరిపి బల్ల మధ్యలో వేశారు. మునకలత్త రెండు ప్లాస్టిక్ బేసిన్లు మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. దర్జీ ఆ వెనకే, నీళ్ళు ఒలక్కుండా చూడమని ఆవిడకు చెప్తూ వచ్చాడు. అందరూ ముందుకు తోసుకొచ్చారు. సంఘం పెద్ద బేసిన్లోకి చూసి, రెండో బేసిన్లోకి చూసి, తీర్పరి వైపు చూశాడు. ఒంటిచెవి వదిన గోడ వైపు చూస్తోంది.

"ఆవిణ్ణి అడగక్కర్లేదు" అంది మునకలత్త. "ఒకదాన్ని కోశా. రెండు తెచ్చా. చూసుకోండి, కాళ్ళు మొలిచాయి." ఊపిరి తీసుకుంది. నీళ్ళలోకి దిగే ముందు తీసుకునేంత. "మొదటి రోజు భయమేసి కోశా. మిగతా రోజులు మీరు చూస్తున్నారని కోశా. దిబ్బని తిన్నది చుక్క కాదు, నేను. ఇదిగో."

కత్తి విప్పి బల్ల మీద పెట్టింది. ఆ కత్తిని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నేను గెలవాలని అనలేదండి" అంది చట్రం అమ్మాయి, ముఖం ఎర్రబడి.

"ఓడాలని కూడా అనుకోలేదుగా. గెలిచినప్పుడు ఏడవకూడదు, చూసేవాళ్ళకి చిరాకు. ఇప్పుడేం చేయాలో అది చెప్పు."

ఇకమీదట చుక్కను ఎవరూ కోయకూడదు, కాలు కూడా తెగకుండా మొత్తంగా ఒడ్డుకు తెచ్చి ఎండలో పడేయాలి అని ఆ అమ్మాయి చెప్పింది. అందరూ చేతులెత్తారు. కత్తి రెండో మునకామెకు ఇచ్చారు. ఆమె దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది.

మర్నాడు మునకలత్త ఆప్రాన్ కట్టుకుని బెంచీ మీద వదిన పక్కన కూర్చుంది. వదిన పోయిన చెవిని ఆవిడ వైపు తిప్పుకుంది. అయినా మునకలత్త ఆ రోజు మాట్లాడలేదు. చిప్ప ఒలుస్తుంటే అలలు రేవు రాళ్ళకు తగలడం వినపడేది. రెండోరోజూ మాట్లాడలేదు. పడవ బయల్దేరే మోత వినపడగానే ఆవిడ తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి, ముఖం కందిపోయేదాకా వదల్లేదు. వదిన మోచేత్తో పొడిచింది.

"వదిలెయ్యవే, చస్తావు."

మూడోరోజు మధ్యాహ్నం పడవ వచ్చింది. సంఘం పెద్ద చుక్కల బుట్ట షెడ్డు గుమ్మంలో పెట్టి, పెట్టీ పెట్టకముందే జారుకోబోయాడు. మునకలత్త లేచి బుట్టలోకి చూసింది. మొత్తంగా ఉన్నవి రెండో మూడో. మిగతావన్నీ సగాలు.

"ఇదేంటర్రా!"

ఆరుగురు మునకవాళ్ళూ గుమ్మంలో నిలబడి కాలివేళ్ళు చూసుకుంటున్నారు. రెండో మునకామె ఏడుపు గొంతుతో అంది: "చెయ్యి ఆగట్లేదత్తా. పైకి రాగానే కత్తి దానంతటదే వస్తోంది. కోశాక గుర్తొస్తోంది. ఏరి బుట్టలో వేశాం."

"కొన్ని విసిరేశాం కూడా" అంది వెనక నుంచి ఇంకొకామె, నిజం చెప్పే జబ్బున్న మనిషి. "అరిచాం కూడా."

ఆ తర్వాత షెడ్డులో మునకలత్త అన్న మాటలు రాయడానికి వీలు కాదు. మూడు రోజుల మౌనం ఒక్కసారి తెగింది. రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయాయి. ఒంటిచెవి వదిన ఉన్న ఒక్క చెవినీ అరచేత్తో మూసుకుని లేచి నిలబడింది.

"చాలు! పందేనికి తీర్పరిని నేను. ఇప్పటిదాకా నన్నెవరూ తీర్పు అడగలేదు, ఇప్పుడు చెప్తున్నా. ఇది ఓడిపోయింది. కత్తి పోయింది, ముందుమునక పోయింది, అవి మళ్ళీ రావు. కానీ ఈ నోరు షెడ్డులో ఉండటానికి వీల్లేదు. రేపట్నుంచి ఇది పడవెక్కాలి. ఆఖర్న మునగాలి. ఒక్క చిప్ప కూడా ముట్టకూడదు. కత్తి లేకుండా, బద్ద లేకుండా, ఒట్టి చేతుల్తో చుక్కలే తేవాలి. మీరెవరూ చుక్క జోలికి పోకండి, మీ చేతులు పనికిరావు."

"పడవ ఎక్కనని మాటిచ్చా వదినా" అంది మునకలత్త, ఆశ గొంతులో కనపడకుండా చేయబోయి విఫలమై.

"ఆ మాట నా ఎడమచెవి వైపు ఇచ్చినట్టున్నావు. నాకు వినపడలేదు."

సాయంత్రం ఇంట్లో దర్జీ ఈ వార్త విని, సూటు అతుకు ఇంకా ఆరలేదన్నాడు. ఇంకో వారం పట్టొచ్చన్నాడు. మునకలత్త తీగ మీద వేలాడుతున్న సూటు తీసి చూసింది. భుజం దగ్గర అతుకు ఎప్పుడో ఆరింది. ఈ మూడు రోజుల్లో వేసింది. గీత గీసినట్టు ఎంత తిన్నగా ఉందో ఆ కుట్టు. ఆవిడ దాని మీద బొటనవేలు రాసింది.

"ఆఖర్నే దిగుతానయ్యా" అంది. "ఆరుగురు ముందు దిగి చూస్తారు. నాకేమవుతుంది?"

"నన్నడిగితే ఏం లాభం? కిటికీనడుగు" అన్నాడు ఆయన. కానీ వెళ్ళి సూటు లోపల జల్లడానికి పౌడరు డబ్బా తెచ్చిచ్చాడు.

మర్నాడు దిబ్బ దగ్గర మిగతా ఆరుగురూ దిగి పైకొచ్చేదాకా పడవలో కూర్చోవడం ఆవిడ జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది. ఆరుగురికీ ఆరు రకాల సలహాలిచ్చి చివరికి తను దిగింది. ఉత్తరం వైపు బోడిరాయి మీద పెద్దదొకటి, ఒక చిప్పను కావలించుకుని ఉంది. ఆవిడ చెయ్యి నేరుగా పిక్క దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి అక్కడే కాసేపు తడుముకుంది, కళ్ళజోడు పెట్టుకునే ఇంకెక్కడో వెతుక్కునే వాళ్ళలా.

ఒక్క గుంజు గుంజితే రెండు కాళ్ళు రాతికే ఉండిపోతాయి. ఆవిడ ఒక కాలి కొస కింద వేలు దూర్చింది. వెంట్రుకల్లాంటి వందల చిన్నచిన్న పట్లు, ఒకటి వదిలితే ఇంకొకటి అంటుకుంటోంది. వదిలేదాకా ఆగింది. రెండో కాలు. మూడోది. చిప్ప తెరుచుకోవడానికి ఇది ఎలా ఓపిగ్గా కూర్చుంటుందో, అలాగే కూర్చుంది దాని దగ్గర. ఆరో కాలు దగ్గర ఛాతీ బిగిసింది. పైకెళ్ళి ఊపిరి తీసుకుని మళ్ళీ వచ్చేసరికి అది ఆరు కాళ్ళూ తిరిగి అతికించుకుని కూర్చుంది. మునకలత్త నీళ్ళలోనే దాన్ని ఒక తిట్టు తిట్టింది, బుడగల్లో. మళ్ళీ మొదటి కాలు.

మూడో మునకకు అది చేతికొచ్చింది. పైకెత్తి పడవ అంచు మీద పెట్టింది. ఆరుగురూ చూస్తున్నారు. అలవాటుగా అరవడానికి నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. దాని బదులు ఏం అరవాలో తోచలేదు. ఆఖరికి వంగి కాళ్ళు లెక్కపెట్టింది.

"పది. అన్నీ ఉన్నాయి. ఎవరూ దీని మీద చెయ్యెయ్యకండి. చెయ్యేస్తే మిమ్మల్ని కోస్తా."

మళ్ళీ మునిగింది.

పడవ వెనక్కి తిరిగేసరికి తొమ్మిది తెచ్చింది. దిబ్బ మీద ఇంకెన్ని ఉన్నాయో చట్రం అమ్మాయి చెప్పబోతే, వద్దంది. తొట్టిలో ఉన్న రెండిటినీ కూడా ఎండలో వేసేయాలని ఆ అమ్మాయి గుర్తుచేసింది. మునకలత్త సరేనని ఇంటికెళ్ళి, స్నానాలగది తలుపు తోయబోయింది. లోపల గడియ పెట్టి ఉంది.

"ఎవరు?" అన్నాడు లోపల్నుంచి దర్జీ. "తట్టి రావాలని తెలీదా? అవి తింటున్నాయి."

ఇప్పటికీ మొగుడూ పెళ్ళాం పెరట్లోనే చెంబులతో స్నానం చేస్తున్నారు.